కెప్టెన్‌కు ఎదురు చెప్పడం

మా చిన్నాయన కొడుకు విమానం నడిపే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి తయారవుతుంటే, వాడిని ప్రశ్నలడిగే పని నా మీద పడింది. నేను జీవితంలో నడిపింది మోటారు సైకిలు, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ పాఠాలు. అయినా చక్రాయపేటలో గాలి, ఒత్తిడి, వేగం గురించి అడగదగిన మనిషి ఇంకెవరూ దొరకలేదు కాబట్టి, సాయంత్రం పూట మా మిద్దె మీద రెండు కుర్చీలు వేసుకుని నేనే కెప్టెన్‌నయ్యాను.

ఇంటర్వ్యూ దాకా రావడమే పెద్ద ప్రయాణం. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే నావిగేషన్, వాతావరణం, నిబంధనల పరీక్షలు గట్టెక్కాలి. క్లాస్ వన్ మెడికల్ కావాలి. 200 గంటలు గాలిలో గడిపితే గాని కమర్షియల్ లైసెన్సు రాదు. దీనికి మా చిన్నాయన చీనీ తోటలో సగం పోయింది. లైసెన్సు చేతికొచ్చాక విమాన సంస్థల గడప తొక్కితే మళ్లీ కంప్యూటర్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, సిమ్యులేటర్, చివరికి బల్లకు అవతల ఇద్దరు ముగ్గురు పెద్దలు.

లెక్కల్లో వాడికి తిరుగులేదు. రన్‌వే 11 అనుకో, గాలి 140 డిగ్రీల నుంచి 20 నాట్లతో వీస్తోంది, పక్కగాలి ఎంత? తడుముకోకుండా చెప్పాడు: రన్‌వే దిక్కు 110, తేడా 30 డిగ్రీలు, సైన్ 30 అంటే సగం, కాబట్టి 10 నాట్లు. 36 వేల అడుగుల నుంచి దిగాలంటే ఎంత దూరం ముందు మొదలుపెట్టాలి? వేలను మూడుతో హెచ్చవేస్తే 108 నాటికల్ మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. ఈ లెక్క నాకు భలే నచ్చింది. మా ఊరి మీదుగా బెంగళూరుకు పోయే విమానం అంత ఎత్తులో ఉంటే, పాపాఘ్ని ఒడ్డున గండి ఆంజనేయస్వామి గుడి దాటకముందే దిగడం మొదలుపెట్టి ఉండాలన్నమాట. ఇన్నేళ్లూ తలెత్తి చూస్తూనే ఉన్నా గాని ఈ సంగతి తట్టలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పైలట్ ఇంటర్వ్యూల్లో తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటుంది: కెప్టెన్ తప్పు చేస్తున్నాడని నీకు తెలిసింది, ఏం చేస్తావు? వాడు "గౌరవంగా చెప్తాను సార్" అన్నాడు. సరే చెప్పు, నేనే కెప్టెన్‌ని, మరీ ఎత్తులో వస్తున్నాను, వేగం కూడా ఎక్కువగా ఉంది అన్నాను. "సార్, కొంచెం ఎత్తు ఎక్కువ ఉన్నట్టుంది సార్..." నేను కళ్లెర్రజేసి, "నాకు తెలుసులే అబ్బీ, నువ్వు చెప్పొచ్చావా?" అన్నాను. అంతే, వాడు తల దించుకున్నాడు. ఉత్తుత్తి ఆటలో, సొంత అన్న దగ్గర!

మా వైపు మనుషులకు నోరు లేదని ఎవరూ అనలేరు. కానీ పెద్దవాడు ఒక మాట అన్నాక చిన్నవాడు మారు మాట్లాడితే, ఆ మాటలో నిజముందా లేదా అని ఎవరూ చూడరు, పెంపకం మీదికి పోతారు. క్లాసులో నేను చేసిందీ ఇదే. సమాధానం తప్పయినా వినయంగా చెప్పినవాడు నాకు మంచి విద్యార్థిగానే కనిపించాడు.

విమానయానంలో ఈ వినయానికి చాలా ప్రాణాలు పోయాయి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో, పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది పోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్‌ఎం విమానంలో ఫ్లైట్ ఇంజినీరుకు అనుమానం వచ్చింది, ఎదురు విమానం ఇంకా రన్‌వే మీద ఉందేమోనని అడిగాడు కూడా. కెప్టెన్ ఆ సంస్థలో 747 శిక్షణకే పెద్ద తలకాయ, లేదని తేల్చేశాడు. ఇంజినీరు మళ్లీ అడగలేదు. అంత దూరం పోనక్కర్లేదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. దిగొద్దు, మళ్లీ పైకి లేపమని కో-పైలట్ మూడుసార్లు అన్నట్టు కాక్‌పిట్ రికార్డరులో ఉంది. చెప్పాడు, కానీ కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోలేదు. ఎనభైలలో మొదలైన కాక్‌పిట్ సహకార శిక్షణ అంతా ఈ మౌనాన్ని పోగొట్టడానికే. రెండుసార్లు చెప్పినా కెప్టెన్ పలక్కపోతే విమానాన్ని నువ్వే తీసుకో అని ఇప్పుడు చాలా సంస్థలు నేర్పుతాయి.

ఇంటర్వ్యూ బల్లకు అవతల ఉన్నవాళ్ల భయం ఎప్పుడూ ఈ మౌనం గురించే కాదు. ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ 1947లో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్నాక ఎనిమిది సంస్థలు ఆమెను కాదన్నాయి. ఆడమనిషి నడిపితే ప్రయాణికులు ఎక్కరని వాళ్ల దిగులు. చివరికి తీసుకున్నది మన హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్. తీసుకున్నది నిజమే, కానీ కో-పైలట్ కుర్చీ దాటనివ్వలేదు, ఆమె వెళ్లిపోయింది. దక్కన్ ఎయిర్‌వేస్ పేరు చెప్పి మనం గర్వపడేటప్పుడు ఈ రెండో సగాన్ని మింగేస్తుంటాం.

మన పల్లె పిల్లలు ఇంగ్లీషు రాక వెనకబడుతున్నారని కోచింగ్ వాళ్లు చెబుతారు. నేను నమ్మను. రేడియోలో వాడే ఇంగ్లీషు కొలిచిన నాలుగు మాటలు, అది మావాడికి బాగానే వచ్చు. రానిదల్లా పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం, అది ఏ భాషలోనూ రాదు. అందుకే తెలుగులోనే మొదలుపెట్టాం. ముందు పిలువు. ఏం తప్పు జరుగుతోందో చెప్పు. ఏం చేయాలో చెప్పు. ఒప్పుకుంటావా అని అడుగు. వాక్యానికి ఒక "సార్" చాలు, రెండోది వద్దు. "ఉన్నట్టుంది" వద్దు, "ఉంది" అను. మొదట్లో వాడి గొంతు తిట్టినట్టు వినిపించేది, నాకూ చురుక్కుమనేది. పోనుపోను మెత్తబడింది, గట్టిదనం మాత్రం పోలేదు.

ఈలోపు మిగిలిన తోటలో చిన్నాయన ఇంకో బోరు వేయిస్తానన్నాడు. పాతవి రెండూ ఎండినవే. "నాయనా, ఈ పక్క నీళ్లు పడవు. ఈ ఏడు బోరు వద్దు, ఉన్న నీళ్లకు డ్రిప్ వేయిద్దాం. సరేనా?" అని మావాడు కళ్లలోకి చూసి అడిగాడట. ఆ రాత్రే చిన్నాయన నాకు ఫోన్ చేశాడు. "విమానం నడపడం నేర్పమంటే, నాకే ఎదురు చెప్పడం నేర్పిస్తివి కదప్పా" అని అరగంట దులిపేశాడు. బోరు లారీ వాడికి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకునేదెట్లా అని కూడా మధ్యలో అడిగాడు.