స్క్రూ స్పానర్‌కి మాత్రం క్షమాపణ లేదు

స్క్రూ స్పానర్ మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. బోల్టు మూలలు అరగదీయడానికే పుట్టిందది. అన్ని సైజులకీ సరిపోతానంటుంది, ఏ సైజునీ సరిగ్గా పట్టదు. అందుకే 'అడ్జస్టబుల్' అన్న మాట వింటే నాకు అనుమానం.

ఈ వారం మోటారు మీదికి నాలుగు స్టెయిన్‌లెస్ మూతలు కావాలని బాలానగర్ వెళ్లాను. మొదటి షెడ్డు యజమాని "నాలుగింటికి డై, అంటే అచ్చు, చేయిస్తే మీకే గిట్టదు సార్" అని పంపేశాడు. పక్క సందులో రేకులు వంచే ప్రెస్ బ్రేక్ మీదున్న కుర్రాడు ఆ మాటే ఎత్తలేదు. నాలుగు పక్కలా రకరకాల వెడల్పుల్లో వీ గాడి కోసిన ఉక్కు దిమ్మెని దొర్లించి, 16 మి.మీ. గాడిని పైకి తెచ్చాడు. రేకు 2 మి.మీ.; గాడి వెడల్పు దానికి 8 రెట్లు ఉండాలన్నది ఈ పనిలో పాత లెక్క. తుక్కు ముక్క వంచి, మూలమట్టం ఆనించి, వెలుతురుకేసి పట్టాడు. రెండు డిగ్రీలు విచ్చుకుంది. పంచ్ ఇంకాస్త దించి 88కి నొక్కాడు. వదిలాక 90 దగ్గర నిలిచింది. రేకు గాడి అడుగుని తాకనే తాకదు. పంచ్ మొన, గాడి రెండంచులు, అంతే. పంచ్ ఎంత దిగితే అంత కోణం.

ఒకే అచ్చుతో రకరకాల ఆకారాలు తీయడం ఇదేదో కొత్త విద్య అనుకోవద్దు. మన పెంబర్తిలో ఇత్తడి రేకు కింద లక్క పరుస్తారు. ఉలి దెబ్బ పడిన చోట మాత్రమే లక్క లొంగుతుంది, చుట్టూ రేకుని గట్టిగా పట్టి ఉంచుతుంది. పని అయ్యాక వేడి చేస్తే కరిగి మరో బొమ్మకి పరుపవుతుంది. ఈరోజు తామర రేకు, రేపు హంస, లక్క అదే. 1930లలో డగ్లస్ విమానాల కంపెనీలో కింద అచ్చు మార్చి, పై అచ్చుగా ఎప్పుడూ ఒకే రబ్బరు దిమ్మె వాడారు. ఇక ఎత్తు మార్చుకునే వందల పిన్నులతో పేర్చిన అచ్చులున్నాయి. పిన్నుల మచ్చ పడకుండా మధ్యలో పాలియురేథేన్ పొర వేస్తారు. 2008 ఒలింపిక్స్‌కి కట్టిన బీజింగ్ 'పక్షి గూడు' స్టేడియంలో మెలికలు తిరిగిన మందపాటి ఉక్కు పలకలకి పనికొచ్చిన పద్ధతి ఇదే.

లక్క చల్లారితే గట్టిపడుతుంది. పిన్నులు బిగుసుకుంటాయి. పంచ్ చెప్పిన లోతుకే దిగుతుంది. ఇవన్నీ పనికి ముందు మారతాయి, పని జరుగుతుండగా వదులవవు. స్పానర్ దవడ సరిగ్గా బలం పడినప్పుడే వదులవుతుంది. నా పగ అడ్జస్టబుల్ అన్నదాని మీద కాదు, వదులు మీద.

షెడ్డు యజమానులకి ఒక్క మనవి: నాలుగు పీసుల ఆర్డరు వస్తే డై ఖర్చు చెప్పేముందు, ఆ వీ దిమ్మె ఓసారి దొర్లించి చూడండి.