నీరు ఇంధనమగునా? — జూల్ వెర్న్ నవలలోని ఒక ఘట్టము

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ వ్రాసిన ‘రహస్య ద్వీపము’ అను నవల 1874-75 సంవత్సరములలో వెలువడినది. అమెరికా అంతర్యుద్ధ కాలమున, 1865లో, రిచ్మండ్ నగరమున చిక్కుకొన్న అయిదుగురు బెలూను నెక్కి తప్పించుకొని, పసిఫిక్ మహాసముద్రమందలి ఒక నిర్జన ద్వీపమున పడుదురు. చేతిలో పనిముట్లు లేకున్నను, సైరస్ స్మిత్ అను ఇంజనీరు తెలివివలన వారు ఇటుకలు కాల్చి, ఇనుము కరిగించి, తుదకు తంతి సాధనమును గూడ నిర్మింతురు. రసాయన శాస్త్రమును, భౌతిక శాస్త్రమును కథలో ఇంత సహజముగా ఇమిడ్చిన గ్రంథములు అరుదు. కావుననే అందులోని ఒక లోపమును విద్యార్థులు గుర్తింపవలసియున్నది.

రెండవ భాగములో, శీతకాలమున ఇల్లు కదలలేక అందరు ముచ్చటించుకొనుచుండగా, పత్రికా విలేఖరియైన స్పిలెట్ ఒక ప్రశ్న వేయును: భూమిలోని బొగ్గు అంతయు తరిగిపోయినచో రైళ్లు, ఓడలు, యంత్రములు దేనితో నడచును? నీటితో నడచునని స్మిత్ సమాధానము. విద్యుత్తుచే నీటిని విడదీసి, వచ్చిన ఉదజనిని, ఆమ్లజనిని వాడుకొనినచో వేడికిని వెలుతురుకును ఇక కొరత యుండదని అతని మాటల సారాంశము. నావికుడైన పెన్‌క్రాఫ్ ఆ రోజులు చూడవలెనని ముచ్చటపడును. అంతటితో ఆ ప్రసంగము ముగియును.

ఇందులో మెచ్చవలసినది ఎంతయో గలదు. విద్యుత్తుతో నీటిని విడదీయవచ్చునని నికల్సన్, కార్లైల్ అను ఆంగ్లేయులు 1800లోనే చూపిరి. ఆ రెండు వాయువులను మరల కలిపి విద్యుత్తును పొందవచ్చునని 1839 ప్రాంతమున విలియం గ్రోవ్ నిరూపించెను. ప్రయోగశాలలోని ఈ విషయములను రేపటి బండికిని ఓడకును అన్వయించి చూచుట వెర్న్ ప్రతిభ. 2014లో జపానులో అమ్మకమునకు వచ్చిన టొయోటా మిరాయ్ కారు హైడ్రోజనుతో, అనగా ఆ ఉదజనితోనే, నడచుచున్నది. దాని గొట్టమునుండి వెలువడునది నీటి ఆవిరి మాత్రమే.

అయినను, స్పిలెట్ రెండవ ప్రశ్న వేయలేదు. నీటిని విడదీయు ఆ విద్యుత్తు ఎక్కడనుండి వచ్చును? నవలలోని లోపమంతయు ఈ మౌనముననే యున్నది.

లెక్క సులభము. 18 గ్రాముల నీటిని విడదీయుటకు కనీసము 286 కిలోజౌళ్ల శక్తి వలయును. అందుండి వచ్చిన 2 గ్రాముల ఉదజని మండి మరల నీరైనప్పుడు వెలువడునదియు 286 కిలోజౌళ్లే. లాభము సున్న. ఆచరణలో నష్టమే మిగులును. ఒక కిలో ఉదజనిని పొందుటకు నేటి యంత్రములకు 50 యూనిట్లకు పైగా విద్యుత్తు ఖర్చగును. దానిని కారులోని ఇంధన ఘటమునకు అందించినచో తిరిగి లభించునది సుమారు 20 యూనిట్లు మాత్రమే. బొగ్గు అట్టిది కాదు. పూర్వము చెట్లు గ్రహించిన సూర్యశక్తి దానిలో దాగియున్నది. నీరన్ననో, ఇదివరకే కాలిన ఉదజని. పొయ్యిలో బూడిద ఎట్టిదో, ఈ విషయమున నీరు అట్టిది. బూడిదను కట్టెగా మార్చవచ్చును. కాని కట్టె ఇచ్చిన వేడినంతయు ముందుగా దానికి తిరిగి చెల్లింపవలెను.

నవల పాఠ్యగ్రంథము కాదు గదా, ఆ కాలమున ఈ సూత్రము తెలియదేమో యని కొందరనవచ్చును. శక్తి నిత్యత్వ సూత్రమును మేయర్ 1842లోను, హెల్మ్‌హోల్ట్స్ 1847లోను ప్రకటించియుండిరి. వెర్న్‌కు అది తెలియదనుటకును వీలులేదు. కొలది సంవత్సరములకు ముందు వెలువడిన ‘సముద్రము క్రింద ఇరువదివేల లీగులు’ అను నవలలో, సముద్రజలమునుండి తీసిన సోడియముతో తన జలాంతర్గామికి విద్యుత్తు లభించుచున్నదని కెప్టెన్ నీమో చెప్పగా, ఆ సోడియమును తీయుటకే అంతకు మించిన ఖర్చు కాదా యని ప్రొఫెసరు అడుగును. అందుకు బొగ్గు వేడిని వాడుచున్నానని నీమో దాపరికము లేక ఒప్పుకొనును. అక్కడ పాత్రలు జమాఖర్చు చూచుకొనినవి. ఇక్కడ జమ మాత్రమే చూపినవి. చిత్రమేమనగా, స్మిత్ పైన కూర్చుండి నీటిని పొగడుచున్నప్పుడు, లెక్క తెలిసిన ఆ నీమోయే అదే ద్వీపము క్రింది గుహలో నివసించుచుండెను!

ఒక కథలోని చిన్న లోపమును ఇంతగా విమర్శింపనేల? ఈ మౌనముననే మోసమునకు చోటు దొరకుచున్నది. నీటితో బండి నడపుదునని చెప్పి స్టాన్లీ మేయర్ అను అమెరికా దేశస్థుడు ధనము సేకరించెను. అతని సాధనములో మామూలు విద్యుద్విశ్లేషణము తప్ప క్రొత్తది ఏమియు లేదని నిపుణులు తేల్చగా, 1996లో ఒహాయో న్యాయస్థానము దానిని మోసముగా నిర్ణయించి సొమ్ము తిరిగి ఇప్పించెను. 2012లో పాకిస్తానులో ఇట్టి వాదమే టెలివిజనుకెక్కినది. ఒక మంత్రి సైతము దానిని సమర్థించెను. చదువుకొన్నవారును నమ్మిరి. ఉదజని మండునని వారెరుగుదురు. నీటిలో ఉదజని కలదనియు ఎరుగుదురు. ఎరుగనిది ఖర్చు పద్దు ఒక్కటే.

కనుక ఈ నవలను తరగతిలో చదివింపకుండుట పరిష్కారము కాదు. చదివించి, స్పిలెట్ అడుగని ప్రశ్నను విద్యార్థులచే అడిగింపవలెను. భారత ప్రభుత్వము 2023లో ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ ఆ ప్రశ్నకే సమాధానము: నీటిని విడదీయు విద్యుత్తు సూర్యునినుండియు, గాలినుండియు రావలెనని దాని యాశయము. ప్రపంచమున నేడు తయారగు ఉదజనిలో అధికభాగము సహజవాయువునుండియు, బొగ్గునుండియు వచ్చుచున్నది గనుక, ఆ ప్రశ్న ఇంకను తీరలేదు. ఇథనాలు వచ్చినను, బ్యాటరీ కారు వచ్చినను, మరి యే క్రొత్త ఇంధనము వచ్చినను, విద్యార్థి మొదట అడుగవలసినది ఇదియే: దీనిలోని శక్తి ఎక్కడనుండి వచ్చినది?