నాలుగు పుంజులున్న పెరడు

పది పెట్టలకు ఒక పుంజు చాలన్నది కోళ్లు పెంచే ఇళ్లన్నిటికీ తెలిసిన లెక్కే. అయితే పెట్ట పొదిగి లేపిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే అవుతాయి. అన్నిటినీ ఒక్కసారే కోసుకోలేరు, అమ్ముకోలేరు. అందుకే గోదావరి జిల్లాల పెరళ్లలో మూడు నాలుగు పుంజులు ఒకే చోట తిరుగుతుంటాయి. నెత్తురు కారకుండా వాటిని నెట్టుకురావడం పెద్ద పనితనమే.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవచ్చో ఒక వరుస ఉంటుందని నార్వేకు చెందిన షెల్డెరుప్ ఎబ్బే వందేళ్ల కిందటే రాశాడు. ఆ వరుస కుదిరేదాకానే గొడవ. రెండు పుంజులు ఎదురుపడి మెడ ఈకలు రిక్కిస్తాయి, ముక్కుకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడతాయి, రెండు మూడు సార్లు ఎగిరి తన్నుకుంటాయి. ఓడింది ఈకలు అణచుకుని, తల దించి పక్కకు పోతుంది. గెలిచింది రెండడుగులు తరిమి ఊరుకుంటుంది. పోవడానికి చోటు లేనప్పుడే ప్రాణాల మీదికొస్తుంది. కాబట్టి పెంచేవాళ్లు తగువు తీర్చడానికి పరిగెత్తరు, ఓడిన పుంజుకు దారి ఉండేలా పెరడు సర్దుతారు.

ఆ సర్దుబాటులో మూలలు ఉండవు. గోడ, గూడు కలిసే చోట కట్టెల మోపు పెట్టి మూల మూసేస్తారు. గడ్డివామును గోడకు ఆనించకుండా చుట్టూ తిరిగే సందు వదులుతారు. నూకలు ఒకే చోట పోయరు. వాకిట్లో ఒక గుప్పెడు, గడ్డివాము అవతల ఒక గుప్పెడు, బావి దగ్గర ఇంకో గుప్పెడు చల్లుతారు. ఒక చోట తినే పుంజుకు మరో చోట తినేది కనబడకూడదు. నీళ్ల ముంతలూ అంతే.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది గంప, తడకల వాడకం. పెరట్లో పుట్టి పెరిగిన పుంజు మితిమీరి కలియబడితే దాన్ని వెదురు గంప కింద మూస్తారు, పైన రాయి పెడతారు. బద్దల సందుల్లోంచి అది మందను చూస్తూనే ఉంటుంది, మందకూ అది కనబడుతూనే ఉంటుంది. ఈ చూపు తెగకూడదు. నాలుగు రోజులు ఎక్కడో దాచి తెచ్చి వదిలితే మిగతావి దాన్ని కొత్తపుంజు కింద లెక్కగట్టి మీద పడతాయి. పందెం జాతి అసిల్ పుంజుల సంగతి వేరు. అవి వరుసకు లొంగే రకం కాదు, ఒకటి కనబడితే రెండోది ఆగదు. వాటిని కాలికి తాడు వేసి విడివిడిగా కడతారు. రెండు తాళ్లూ బిగిసినా పుంజులు ఒకదాన్నొకటి అందుకోలేనంత ఎడంలో గుంజలు పాతుతారు, మధ్యలో తాటాకు తడక నిలబెడతారు. ఒక పుంజుకు చూపు మందు, మరో పుంజుకు చూపు చిచ్చు. ఏది దేనికో తెలిసి వాడటమే నేర్పు.

వరుస కుదిరిందో లేదో తెల్లవారుజామున పక్క మీంచి లేవకుండానే కూత విని తెలుసుకోవచ్చు. పెద్ద పుంజే ముందు కూస్తుందనీ, మిగతావి తమ తమ స్థానాన్ని బట్టి తర్వాత అందుకుంటాయనీ 2015లో జపాన్ పరిశోధకులు తేల్చారు. పగలైతే పెట్టల వీపులు చూడాలి. వీపున ఈకలు ఊడి ఎర్రటి చర్మం బయటపడితే, ఆ మందలో పుంజులు ఎక్కువై ఉండవచ్చు.

అప్పుడు ఏది పోవాలి? చాలామంది బక్కదాన్ని అమ్మేస్తారు. అనుభవమున్న ఇల్లాలు నూకలు చల్లి నిలబడి చూస్తుంది. మంచి పుంజు గింజను ముక్కుతో ఎత్తుతుంది, కింద పడేస్తుంది, మళ్లీ ఎత్తుతుంది, గొంతులో కొక్కొక్కమంటూ పెట్టల్ని పిలుస్తుంది. తక్కువ స్థానంలోని పుంజు ఒక్కోసారి ఆ ఆటంతా ఆడుతుంది గానీ గొంతు మాత్రం ఎత్తదు, పెద్దదాని చెవిన పడుతుందని. పిలిచేదాన్నీ, గుట్టుగా పిలిచేదాన్నీ ఉంచుకుని, ఎవరినీ పిలవకుండా గబగబా తినేసేదాన్ని ఆ ఆదివారమే సంతకు పంపిస్తుంది.