బీపీ తగ్గింది, జబ్బు తగ్గలేదు

"బీపీ నూటముప్పైకి దిగింది కదా మేడమ్, ఇంక ఇంటికి పంపేయండి. నెలలు నిండాక మళ్ళీ తీసుకొస్తాం." ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో బీపీ పెరిగి వార్డులో చేరిన అమ్మాయి తల్లి దగ్గర ఈ మాట వింటూనే ఉంటాను. మామూలు బీపీ జబ్బుకయితే ఆమె లెక్క సరిగ్గానే ఉంది. మాత్ర వేసుకుంటే అంకె దిగుతుంది, అంకె దిగితే పని అయినట్టే. గర్భంతో వచ్చే ఈ బీపీ జబ్బు పేరు ప్రీఎక్లాంప్సియా, దీంట్లో ఆ లెక్క నడవదు. ఇక్కడ మాత్ర చేసేదల్లా మెదడులో రక్తనాళం చిట్లకుండా కాపాడటమే. జబ్బు మాయలో పుట్టి, తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తూ ఉంటుంది. దాన్ని ఏ బీపీ మాత్రా ఆపలేదు.

కాన్పయ్యాక మాయను ట్రేలో పరిచి, మొత్తం వచ్చిందా, ముక్కలేవైనా లోపల ఉండిపోయాయా అని చూసి, పసుపు సంచిలో వేసేస్తాం. రోజూ చేసే పనే. బీపీ వచ్చిన తల్లి మాయ దగ్గర మాత్రం నేను ఇంకాస్త సేపు నిలబడతాను. నెలలు నిండిన మాయ సుమారు అరకిలో తూగుతుంది. వీళ్ళ మాయలు తరచూ చిన్నవి. తల్లి వైపు ముఖాన్ని వేలితో నొక్కి చూస్తే, మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, పాలిపోయిన మచ్చలు తగులుతాయి. అవి రక్తం అందక చచ్చిన భాగాలు.

ఎందుకు అందలేదో తెలియాలంటే గర్భం తొలి నెలలకు వెళ్ళాలి. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నటి ధమనులు వంద దాకా ఉంటాయి. మాయ నుంచి బయల్దేరిన కణాలు వాటిలోకి చొచ్చుకుపోయి, గోడల్లోని కండరాన్ని తొలగించి, పిల్లకాలువను తవ్వి పెద్దకాలువ చేసినట్టు వెడల్పు చేస్తాయి. ఐదో నెల దాటేసరికి ఈ పని చాలావరకు పూర్తవ్వాలి. చివరి నెలల్లో గర్భసంచికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం కావాలి మరి. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ళలో ఈ తవ్వకం పైపైనే ఆగిపోతుందని బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ 1972లో రాశారు. అందరి విషయంలోనూ ఇదే జరుగుతుందని నేను అనను. 34 వారాల లోపు వచ్చే జబ్బుకు ఇది బాగా సరిపోతుంది. నెలలు నిండేవేళ వచ్చేదాంట్లో తల్లి బరువు, షుగరు, ముందునుంచీ రక్తనాళాల్లో ఉన్న బలహీనత, వీటి పాలు ఎక్కువ.

బిడ్డ జాతకం బాగాలేకే ఇలా అయిందనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు ముత్యాల గర్భం సంగతి చెబుతాను. దాని పూర్తి రూపంలో బిడ్డే ఉండదు, మాయ కణజాలం ఒక్కటే నీటిబుడగలుగా పెరుగుతుంది. అయినా అలాంటి ఆడవాళ్ళలో ఐదో నెల రాకముందే ఈ జబ్బు కనిపించవచ్చు. ఆ కణజాలం తీసేస్తే తగ్గిపోతుంది. కడుపులో బిడ్డే లేనప్పుడు జాతకం ఎవరిది?

మరి గర్భసంచిలో ఉన్న మాయకూ, ఈ జబ్బులో దెబ్బతినే, ఎక్కడో ఉన్న కిడ్నీకీ కంటికీ ఏమిటి సంబంధం? ఇది రక్తనాళాల లోపలి పొర జబ్బు అని జేమ్స్ రాబర్ట్స్ బృందం 1989లో వాదించింది. ఆ పొర పేరు ఎండోథీలియం, మందం ఒక్క కణం. దాన్ని దెబ్బతీసేదేమిటో 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చాలావరకు తేల్చింది. రక్తం చాలని మాయ ఎస్-ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి అతిగా వదులుతుంది. ఎండోథీలియంను ఆరోగ్యంగా ఉంచే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే ప్రోటీన్లను అది దారిలోనే పట్టేసుకుంటుంది. ఎలుకల్లో దాన్ని పెంచి చూస్తే, గర్భం లేనివాటిలో కూడా ఈ జబ్బులో లాగే బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయింది. క్యాన్సర్‌కు వాడే బెవాసిజుమాబ్ అనే మందు కూడా వీఈజీఎఫ్‌నే అడ్డుకుంటుంది. అది వాడుతున్న మగవాళ్ళలోనూ కొందరికి బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోతుంది. నాకయితే ఎలుకల కన్నా ఈ సాక్ష్యమే బలమైనది.

ఎండోథీలియం రక్తనాళాలను వదులుగా ఉంచుతుంది, రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది, నీటినీ ప్రోటీన్‌నూ రక్తంలోనే ఆపుతుంది. అది దెబ్బతింటే ఒకే జబ్బు పది చోట్ల పది రకాలుగా కనిపిస్తుంది. తలనొప్పికి కళ్ళద్దాల షాపుకు వెళ్తారు. కాలేయం ఉబ్బి పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అని మాత్ర కొనుక్కుంటారు. ముఖానికీ చేతులకూ నీరు పడితే ఉప్పు మానేయమంటారు, ఇంకా తెలిసినవాళ్ళు నీరు పోయే మాత్ర ఇస్తారు. అది మరీ ప్రమాదం. పైకి వాపున్నా లోపల రక్తనాళాల్లో నీరు ఉండాల్సినదానికన్నా తక్కువే ఉంటుంది. ఇక పల్లెల్లో గుర్రపువాతం అనే ఫిట్స్ వచ్చాయంటే మెదడు దాకా వెళ్ళిందన్నమాట.

దెబ్బతిన్న పొరను మేం కంటితో చూడలేం. చెయ్యి, మోకాలు, మూత్రం, ఈ మూడింటిలోనే దాన్ని చదువుకోవాలి. అందుకే బీపీ చూడటాన్ని చిన్నపని అనుకునే జూనియర్లంటే నాకు కోపం. అమ్మాయిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కఫ్ ఆ చేతికి సరిపోవాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. ఇంకో రోగం ఉంది, చూసినా చూడకపోయినా 120/80 అని రాసేయడం. కేస్‌షీట్‌లో వరుసగా నాలుగుసార్లు అదే అంకె ఉంటే నేను నమ్మను, మళ్ళీ చూస్తాను.

మెగ్నీషియం సల్ఫేట్ విషయంలో కూడా అంతే. అది బీపీ మందు కాదు, ఫిట్స్ రాకుండా ఇచ్చేది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులతో జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై పరిశోధన, ఇది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. డోసు మించితే ఊపిరి ఆగుతుంది, దానికి ముందు మోకాలి కుదుపు పోతుంది. అందుకే చిన్న సుత్తి పట్టుకుని మోకాలు తట్టి చూస్తుంటాం, మూత్రం కొలుస్తాం, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే పెట్టుకుంటాం. ఈ కాపలా అంతా వారాలు సంపాదించడానికే. జబ్బు తీవ్రం కాకపోతే 37 వారాల దాకా ఆగుతాం, తీవ్రమైతే 34 దాటాక ఆగం. మాయ బయటికి వస్తేనే మలుపు.

ముందే ఆపలేమా అంటే, కొంతవరకు ఆపగలం. ముప్పు ఎక్కువున్న వాళ్ళకు మూడో నెల చివరి నుంచి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా అరవై శాతం దాకా తగ్గిందని 2017 నాటి ఆస్ప్రే పరిశోధన చెప్పింది. ఆలస్యమైతే లాభం తగ్గుతుంది. సొంతంగా కొని వేసుకోవద్దు, డాక్టరును అడగండి.

ఇంకో చిక్కు మన ఆచారంలోనే ఉంది. ఈ జబ్బు తొలిచూలులో ఎక్కువ, మన ఇళ్ళలో తొలి కాన్పు పుట్టింట్లో. సరిగ్గా ముప్పు మొదలయ్యే నెలల్లోనే అమ్మాయి ఊరు మారుతుంది, ఆస్పత్రి మారుతుంది, పాత రీడింగులన్నీ అత్తగారింటి బీరువాలో ఉండిపోతాయి. మొదట్లో 100/60 ఉన్న అమ్మాయికి 136/86 ఎంత పెరుగుదలో ఆ కాగితం లేకుండా నాకెలా తెలుస్తుంది? చీరెలతో పాటు కార్డు, స్కానింగ్ రిపోర్టులు కూడా సర్దండి. వెళ్ళిన వారంలోపే బీపీ చూపించండి. కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్ళీ ఎగబాకుతుంది, ఇంటికి వచ్చేశాం కదా అని వదిలేయకండి.

ఈ జబ్బు వచ్చిన ఆడవాళ్ళకు తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు రెట్టింపు. నలభై దాటాక గుండె డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన షుగరుందా, ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా అని అడుగుతాడు. కాన్పులో బీపీ వచ్చిందా అని అడగకపోవచ్చు. మీరే చెప్పండి.