ముహూర్తం ఆగదు, వానా ఆగదు

చెన్నైలో తెలుగువాళ్ల పెళ్లిళ్లు, ఈశాన్య రుతుపవనాలు ఏటా ఒకేసారి వస్తాయి. కార్తీక మార్గశిరాల్లో ముహూర్తాలు బాగుంటాయి, ధనుర్మాసం వచ్చేలోగా తాళి కట్టించెయ్యాలని పెద్దల తొందర. ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఊళ్లో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. తీరంలో ఆ వాన తరచూ అర్ధరాత్రి దాటాక అందుకుంటుంది. మన ముహూర్తాలూ చాలా వరకు ఆ వేళకే. పైగా పెళ్లిళ్లిప్పుడు కల్యాణమండపాలు దాటి, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) వెంట కోవళం, మహాబలిపురం తీరాలకు చేరాయి. వాన వచ్చిందని జీలకర్ర బెల్లం వాయిదా వెయ్యలేం. అందుకే వానలో ఫొటో తీయడం ఇక్కడ తప్పనిసరి విద్య. నా లెక్కలో ఈ వృత్తిలోకెల్లా విలువైన విద్య కూడా అదే.

వాన ఫొటోలో కనబడాలంటే వెలుగు దాని వెనక నుంచి రావాలి. ముందు నుంచి ఫ్లాష్ కొడితే లెన్స్‌కి దగ్గరగా పడే చినుకులు తెల్లటి మచ్చలై ముఖాలను కప్పేస్తాయి. అదే ఫ్లాష్‌ని జంట వెనక, నడుము ఎత్తులో దాచి కెమెరా వైపు తిప్పితే ప్రతి చినుకూ మెరుస్తుంది. చీర జరీ, తడిసిన జుట్టు అంచులు వెలుగు గీతలవుతాయి. వెనక సరుగుడు తోపులాంటి చీకటి ఉండాలి, లేకపోతే ఆ మెరుపు తేలదు. కోడంబాక్కం స్టూడియోల్లో వాన పాటలు తీసినవాళ్లకి ఇదంతా కొట్టిన పిండి. 1957 నాటి ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెలనే సృష్టించిన ఊరు మరి! గొడుగు ఎంపికా చిన్న విషయం కాదు. తెల్ల గొడుగు లోపలి బట్ట మీద పడ్డ వెలుగు మెత్తగా ముఖాల మీదికి దిగుతుంది, నల్లది మింగేస్తుంది, రంగు గొడుగు ముఖానికి తన రంగు పులుముతుంది.

ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. సంచి జిప్ తియ్యకుండా అరగంట ముందే ఆరుబయట, తడవని చోట ఉంచాలి.

చెన్నైకి సముద్రం తూర్పున ఉండటం ఒక వరం. సాయంత్రం పడమట మబ్బు కాస్త విడిచి ఎండ పడితే జంట మీద పసుపు వెలుగు, వాళ్ల వెనక బంగాళాఖాతం మీద కాటుక రంగు ఆకాశం. హరివిల్లు ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగానే పొడుస్తుంది కాబట్టి ఇక్కడ సాయంత్రం అది సముద్రం మీదే వస్తుంది. ఆ వెలుగు నిలిచేది నిమిషాలే. “అమ్మా, అయిదు నిమిషాలు అమ్మాయిని పంపండి, మళ్లీ దొరకదు” అని పెళ్లికూతురి తల్లిని ముందే ఒప్పించుకోవాలి.

మబ్బు పట్టిన రాత్రి అరుంధతిని చూపించే ఘట్టం నాకు మరీ ఇష్టం. పురోహితుడు ఆకాశంలోకి వేలు చూపిస్తాడు. అక్కడ చుక్క లేదు. అయినా ఇద్దరూ తలెత్తి వెతుకుతారు. కెమెరా అప్పుడు ఆకాశాన్ని కాదు, ఆ ముఖాలను చూడాలి: రెప్పల మీద చినుకులు, బుగ్గన కరిగిన దిష్టిచుక్క, తడిసి బిగుసుకుపోయిన కొంగుముడి. ఆల్బమ్ వేసేటప్పుడు ఆ కరిగిన చుక్కని కంప్యూటర్లో సరిచేయిస్తుంటారు. వద్దని బతిమాలుతాను. ఏసీ హాల్లో తీసిన ఫొటో ఏ ఊరిదైనా, ఏ ఏటిదైనా కావచ్చు. కరిగిన దిష్టిచుక్క ఆ ఒక్క రాత్రిదే.

అయితే హద్దు తెలియాలి. బెసంట్ నగర్ బీచ్‌లో ఎన్నో జంటలు ఫొటోలు దిగే ఆ తెల్ల కట్టడం, 1930లో సముద్రంలో మునిగిపోతున్నవాళ్లని కాపాడబోయి ప్రాణాలు విడిచిన డేనిష్ నావికుడు ష్మిట్ స్మారకం. తడిసిన పట్టుచీర బరువుతో అలల్లో నిలబడటం ఎవరి తరమూ కాదు. ఉరుము వినబడితే గొడుగు, ట్రైపాడ్ దించేసి లోపలికి నడవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిస్తేనే మళ్లీ బయటికి. వర్దా తుపాను తీరం దాటిన 2016 డిసెంబరు 12లాంటి రోజున ఆరుబయట షూటింగే లేదు. ఈ మాట అడ్వాన్స్ తీసుకునే రోజే పెళ్లివారికి చెప్పెయ్యాలి.