బొమ్మల పల్లెలో వాడ ఎక్కడుంది?

శని, ఆదివారాలు వస్తే సైబరాబాద్ కుటుంబాలు సంస్కృతిని చూడటానికి బయల్దేరుతున్నాయి. పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యాహ్నం చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో పాత సామాను దుకాణాలు, సాయంత్రం ఇంటి పక్కనే ఉన్న శిల్పారామం. ఇది వట్టి షికారు అయితే విమర్శకు పనిలేదు. కానీ పిల్లలకు ఇదొక చరిత్ర పాఠం. బడి పుస్తకంలో తప్పుంటే సారుతో కొట్లాడొచ్చు. అద్దాల పెట్టెతో ఎవరు కొట్లాడతారు? అందుకే ఈ షికారును కూడా ఒక కథనో నవలనో చదివినట్టు చదవాలి. ఎవరి చూపుతో రాశారు, ఎవరిని పాత్రలుగా పెట్టారు, ఎవరిని రానివ్వలేదు అని అడగాలి.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు, 1949లో చనిపోయాడు. ఆయన పోగుచేసిన వస్తువులతో 1951లో దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా ముందు, పాటల గడియారం ముందు జనం గుమిగూడతారు. గంట కాగానే గడియారంలోంచి ఒక బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టిపోతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు. అదే గడియారంలో సుత్తి పట్టుకున్న కమ్మరి బొమ్మ కూడా ఉంది, సెకనుకు ఒక దెబ్బ కొడుతుంటాడు. అలసిపోడు, కూలి అడగడు, గడియారం దాటి బయటికి రాడు. దొరలకు కావలసిన పనివాడు అచ్చం ఇట్లనే ఉంటాడు.

ఈ వస్తువులు ఎవరి కష్టంతో వచ్చాయనే ప్రశ్న గ్యాలరీల్లో తిరిగేవాళ్లకు తట్టదు. సాలార్‌జంగ్ ఎస్టేటు హైదరాబాద్ సంస్థానంలోని పెద్ద జాగీర్లలో ఒకటి. జాగీరు రాబడి అంటే రైతు కట్టిన శిస్తు. సంస్థానమంతటా ఆ శిస్తు వసూలు వెనక వెట్టి ఉంది. అధికారి ఊళ్లోకొస్తే ముందు ఉరికినవాడు, మూట మోసినవాడు, గుర్రానికి గడ్డి వేసినవాడు మాలో మాదిగో. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. వస్తువులు మిగిలాయి. వాటికి ఇప్పుడు కళాఖండాలని పేరు.

సాలార్‌జంగ్‌కు ఒక్క ఏడాది ముందు, 1888లో, ఇదే నగరంలో మాదరి భాగయ్య పుట్టాడు. భాగ్యరెడ్డివర్మ పేరుతో 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, 1911లో మన్యసంఘం పెట్టాడు, అంటరానివాళ్ల పిల్లలకు బడులు నడిపాడు, జోగిని దురాచారం మీద పోరాడాడు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడిగా కూర్చుని, ‘పంచమ’ అనే మాట తీసేయించి ‘ఆది ఆంధ్ర’ అనే పేరు నిలబెట్టాడు. ‘ఆది’ అనే ఆ రెండక్షరాల్లో మొత్తం వాదం ఉంది. మేం ఐదోవాళ్లం కాదు, మొదటివాళ్లం. అంటే ఈయన కూడా ప్రాచీనత గురించే మాట్లాడాడు, కాకపోతే ఆ ప్రాచీనతను వేలంలో కొనలేరు. ఒకే నగరంలో ఒకే కాలంలో ఒకరు వస్తువులు పోగుచేశారు, ఒకరు మనుషుల్ని పోగుచేశారు. ఆదివారం షికారుకు పోయే కుటుంబానికి మొదటాయన పేరు తెలుసు.

ఇక శిల్పారామం. దీన్ని మాదాపూర్‌లో 1992లో కట్టారు. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. అంటే కంప్యూటర్ల భవనం కంటే బొమ్మల పల్లె ముందొచ్చింది. అప్పటికి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అసలైన ఊళ్లే. ఆ ఊళ్లు పేర్లుగా మిగిలిపోయాయి, వాటి మధ్య గడ్డికప్పు గుడిసెల ఊరు ప్రదర్శనగా నిలబడింది. మట్టి గోడలు, ముగ్గులు, చేతివృత్తులవాళ్ల మనిషెత్తు బొమ్మలు. కుటుంబాలు ఫోటోలు దిగుతాయి. అమెరికా నుంచి వచ్చిన మనవడికి తాత మా ఊరు ఇట్లుండేదని చెప్తాడు.

ఉండేదా? ఏ తెలుగు పల్లె అయినా రెండు ముక్కలు. ఊరు, వాడ. రెంటికీ మధ్య ఒక చేనో, చెరువుకట్టో, దాటకూడని బాటో ఉంటుంది. ఇక్కడ ఒక గుడిసె నుంచి ఇంకో గుడిసెకు నాలుగడుగులు. చెప్పులు చేతబట్టుకోకుండా ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చు, ఎవరి గడప ముందరైనా నిలబడొచ్చు. పల్లెను కట్టినవాళ్లు అబద్ధం చెప్పాలనుకున్నారని నేననను. వాళ్లు వృత్తిని చూపించారు, వృత్తిని మెడకు కట్టిన కులాన్ని వదిలేశారు. కులం తీసేస్తే కుండ అందంగా కనిపిస్తుంది. కుమ్మరి కొడుకు చదువు ఎందుకు ఆగిపోయిందో కనిపించదు.

పనిముట్ల సంగతి చూద్దాం. కమ్మరి కొలిమికి గాలి ఊదే తిత్తి తోలుది. మోటబావి బొక్కెన తోలుది, ఎద్దును అదిలించే చర్నాకోల తోలుది, పటేలు కాలి చెప్పు తోలుది. పల్లె వ్యవసాయమంతా మాదిగ చేతి తోలు మీద నడిచింది. ఆ తోలు ఎట్లా తయారైంది? చచ్చిన గొడ్డును కోసి, సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి ఊరబెడితే. ఇది రసాయనశాస్త్రం. లంద దగ్గర వాసనొస్తుంది, ఆ వాసన పేరు చెప్పే మాదిగను ఊరు దూరం పెట్టింది. మ్యూజియంలో దొరకనిది ఆ వాసన ఒక్కటే. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో తోలు పనిని, కుండ పనిని, చాకలి పనిని విజ్ఞానంగా చెప్పాడు, గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ దానికి బొమ్మలేసింది. నా దృష్టిలో ఆ చిన్న పుస్తకం ఎన్నో గ్యాలరీల పెట్టు.

డప్పుది ఇంకో కథ. డప్పును మంట దగ్గర కాకబెడితేనే పలుకుతుంది. సిర్ర, సిటికెన పుల్ల పట్టుకున్న రెండు చేతులు కావాలి. గోడకు తగిలిస్తే చర్మం సడలి మూగదవుతుంది. ఊరు దాన్ని చావుకూ చాటింపుకూ వాడుకుంది. 1994లో మాదిగ దండోరా దాన్ని హక్కుల కేకగా మార్చింది. అట్లాంటి డప్పును డ్రాయింగ్‌రూంలో సోఫా మీద అలంకారంగా వేలాడదీసే ఫ్యాషన్ వచ్చిందంటే, కేకను తీసేసి చెక్కను ఉంచుకున్నారన్న మాట.

శిల్పారామం అంగళ్లలో పోచంపల్లి చీర, పెంబర్తి ఇత్తడి, నిర్మల్ బొమ్మ అమ్ముకుని నాలుగు రూపాయలు చేసుకునే చేతివృత్తులవాళ్లున్నారు. వాళ్ల కడుపు మీద కొట్టే విమర్శ నాది కాదు. మాల్‌లో చీటీ మీద ఉన్న ధర నోరెత్తకుండా కట్టే చెయ్యి ఇక్కడ సగానికి బేరమాడుతుంది, అది మాత్రం చెప్పాలి.

ఇప్పుడు పాత సామాను సంగతి. ఎర్రగడ్డలో ఆదివారం సంత నడుస్తుంది. పాతబస్తీ వైపు గురువారం జుమేరాత్ బజార్ నడుస్తుంది. అక్కడ పాత పెట్టె కొనేవాడు బీదవాడు, ఆ పెట్టెకు సెకండ్ హ్యాండ్ అని పేరు. అదే పెట్టెను తుడిచి, అద్దాల దుకాణంలో పెట్టి, విల్లాలో ఉండేవాడికి అమ్మితే యాంటిక్. వస్తువు మారలేదు, కొనేవాడి హోదా మారింది.

ఈ యాంటిక్‌లు ఏమిటి? ఇత్తడి గంగాళాలు, రాగి బిందెలు, చెక్కిన దర్వాజాలు, పందిరి మంచాలు. అంటే గడీల, అగ్రహారాల, పెద్దిళ్ల సామాను. వాడలో ఏముంది? మట్టి కుండ, సత్తు గిన్నె. కుండ పగిలిపోయింది, సత్తు గిన్నె పాతసామానువాడికి తూకానికి పోయింది. మా అవ్వ వాడిన వస్తువు ఒక్కటైనా యాంటిక్ కాకపోవటం కాలం చేసిన పని కాదు. లోహం వాడే హక్కు కూడా కులాన్ని బట్టే ఉండేది. గుజరాత్‌లో అహ్మదాబాద్ జిల్లా జాను గ్రామంలో, కాస్త కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్లు నీళ్లకు లోహపు బిందెలు వాడటం మొదలుపెట్టినందుకు 1935లో వాళ్ల మీద దాడి జరిగింది. 1936లో అచ్చయిన ‘కులనిర్మూలన’లో అంబేడ్కర్ ఆ సంగతి రాశాడు. ముర్గీ చౌక్‌లో రాగి బిందె ఎంత పాతదని అడిగేవాళ్లు, దాన్ని ముట్టే హక్కు ఎవరికుండేదని కూడా అడగాలి.

మనకూ ఒక బిందె ఉంది. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర, కమ్మ కుర్రాళ్లు బర్రెల కుడితి కడిగి నీళ్లు పాడుచేస్తుంటే అడ్డుపడ్డ తగాదాలో, తన మీదికి లేచిన దెబ్బకు మున్నంగి సువార్త చేతిలోని బిందె ఎత్తింది. జులై 17న మాదిగపల్లె మీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. దళిత మహాసభ ఆ నెత్తుటిలోంచి పుట్టింది. ఈ నేల ఆధునిక చరిత్రను ఒక్క వస్తువుతో చెప్పమంటే నేను ఆ బిందెనే చూపిస్తాను.

ప్రాచీనత అన్నమాట మీద ఆఖరి పేచీ కూడా మనదే. మాదిగలకు కథ చెప్పే డక్కలివాళ్ల జాంబపురాణం ప్రకారం, భూమి పుట్టకముందు ఆరు నెలలకే జాంబవుడు పుట్టాడు. అంతకంటే పాతది ఏ దుకాణంలో దొరుకుతుంది? కులపురాణాలు చెప్పేవాళ్లు విప్పి చూపిన పొడవాటి పటాలు ఇప్పుడు గోడకు సరిపడే ముక్కలై ఫ్రేముల్లో వస్తున్నాయి. బొమ్మ మిగిలింది, కథ చెప్పే నోరు పోయింది. డక్కలి కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన హైదరాబాద్ శివారులో ఇల్లు కట్టేచోట కూలిపని చేస్తున్నాడని పత్రికలు రాశాయి. కిన్నెరకు గౌరవం, కిన్నెర మనిషికి తట్ట.

ఊరూ వాడా గతంలోవి, ఐటీ నగరంలో అవెక్కడివి అనేవాళ్లుంటారు. శిల్పారామం నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పది కిలోమీటర్లకు మించి లేదు. 2016 జనవరిలో హాస్టళ్ల నుంచి గెంటేసిన ఐదుగురు దళిత విద్యార్థులు అక్కడి షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర చలిలో గుడారం వేసుకుని, దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో రోహిత్ వేముల జనవరి 17న చనిపోయాడు. సైబరాబాద్ నడిమధ్య పల్లెను ఉన్నదున్నట్టు కట్టి చూపింది ఆ పరిశోధక విద్యార్థులే.

శిల్పారామానికి క్లాసును తీసుకుపోయే టీచర్లు ఒక పని చెయ్యొచ్చు. తిరిగొచ్చాక పిల్లలకు తెల్లకాగితాలిచ్చి, చూసిన పల్లెకు పటం గీయమనాలి. బావి ఎక్కడుంది, వాడ ఏ దిక్కున ఉంది, వాడవాళ్లు ఏ దారిన నీళ్లకొస్తారు, చచ్చిన గొడ్డును ఏ దారిన మోసుకుపోతారు. వాడ నుంచి వచ్చిన పిల్లలు క్లాసులో ఉంటే పటం వాళ్లే పూర్తి చేస్తారు.