మేస్త్రి చేతి కింద

చలికాలం వస్తే మన ఊళ్లలో రెండు రకాల సేవాబృందాలు దిగుతాయి. విదేశీ చర్చిల తరఫున వచ్చి, పల్లె బడికో పేదపిల్లల హాస్టల్‌కో మరమ్మతులు చేసి, పది రోజుల్లో విమానమెక్కే యువతీయువకులు కొందరు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకొచ్చి, తాము చదువుకున్న బడిని బాగుచేయాలనుకునే మన పిల్లలు మరికొందరు. హైదరాబాద్ బర్కత్‌పురలో ఉంటూ పాత కట్టడాల మరమ్మతులే వృత్తిగా బతికినవాణ్ని కనుక, ఈ ఇద్దరితోనూ కలిసి పనిచేశాను. వాళ్ల మనసు మంచిది. ఆ మంచితనం గోడకు పట్టి నిలవాలంటే ఏం చేయాలన్నదే ఈ వారం నా మాట.

మరమ్మతు నీళ్ల దారి వెతకడంతో మొదలవుతుంది. చెమ్మ కనిపించే చోటొకటి, లోపం ఉన్న చోటొకటి. మూసుకుపోయిన తూము దగ్గరో, పిట్టగోడ మొదట్లో పగులు దగ్గరో దిగిన నీరు ఎక్కడో అవతల గోడ మీద మచ్చ కడుతుంది. ఆ మచ్చ మీద పుట్టీ పూసి రంగు వేస్తే ఫొటో బాగానే వస్తుంది. జూన్‌లో తొలి వాన పడగానే పొక్కులు లేస్తాయి. స్లాబు కింద పెచ్చులు రాలుతున్నాయంటే చాలాసార్లు లోపల చువ్వ తుప్పు పట్టిందని అర్థం. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును బయటికి తోస్తుంది. తుప్పు గీకకుండా సిమెంటు మెత్తితే అది మళ్లీ ఊడుతుంది. కింద కూర్చునేది పిల్లలు.

బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి సందుల్లో ఇంకా మిగిలిన పాత ఇళ్లది వేరే కథ. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని ఇటుకను పిండి చేస్తుంది. ఏ గోడకు ఏది పడుతుందో తెలియాలంటే అలాంటి గోడలతో ఏళ్లతరబడి పనిచేసిన మేస్త్రిని అడగాలి. పది రోజుల అతిథికి ఆ చూపు రాదు, రావాలని ఆశించడమూ న్యాయం కాదు.

దూరదేశం నుంచి వచ్చి ఇక్కడ పని చేయించినవాళ్లు మన చరిత్రలో ఉన్నారు. 1876-78 కరువు కాలంలో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, సర్వే పని ఎరిగినవాడు, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ముట్టేలా చూశాడు. ఆ పని సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలికీ మతానికీ ముడిపెట్టకూడదన్న ఆ నియమం ఇవాళ్టి సేవాబృందాలకు కూడా కావాలి. 1924లో పూర్తయిన మెదక్ చర్చి కట్టడంలోనూ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు జనానికి పని చూపించాడు. ఇద్దరూ ఇక్కడివాళ్ల చేతులకే పని అప్పగించారు.

ఇళ్లు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో తొలి అడుగు వేసింది 1983లో, మన ఖమ్మంలోనే. ఇంటివాళ్లు తమ ఇంటి పనిలో తామూ చెయ్యి వేయాలి, తీర్చే కంతులు మరో ఇంటికి పెట్టుబడి కావాలి అన్నది ఆ సంస్థ మూలసూత్రం. 2006లో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర 100 ఇళ్ల నిర్మాణానికి అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 82 ఏళ్ల వయసులో వచ్చి, దేశదేశాల వలంటీర్లతో కలిసి ఇటుక పేర్చాడు. వారం రోజులకే వచ్చినవాళ్ల సేవకూ విలువ ఉంటుంది. స్థానికుల పనిలో అది కలిసిపోవాలి, అంతే.

సిమెంటు పనికి కనీసం 7 రోజులు నీళ్లు కట్టాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే ఫ్లైయాష్ కలిపిన సిమెంటుకైతే 10 రోజులు. కాంక్రీటు పనికి మన ప్రమాణాలు చెప్పే కనీస గడువు ఇదే. తొమ్మిదో రోజున ప్లాస్టరింగ్ ముగించి పదో రోజున వెళ్లిపోతే ఆ గోడకు నీళ్లు ఎవరు కొడతారు? ఈ ప్రశ్నకు ముందే జవాబు ఉన్న చోట పని నిలిచింది. లేని చోట గోడంతా సన్నపగుళ్లు దేరింది. ఇది నా కళ్లతో చూసినదే.

అందుకే వచ్చేవాళ్లకూ పిలిచేవాళ్లకూ నా విన్నపం ఇది. టికెట్లు కొనకముందే ఆ ఊరి మేస్త్రికి కట్టడం చూపించి, ఏం చేయాలో ఆయన చేతే చెప్పించండి. ఆయనకూ కూలీలకూ పూర్తి కూలి కట్టండి. పొద్దున్నే నగరంలోని అడ్డాల మీద పనికోసం నిలబడే పాలమూరు మనిషి కూలిని మీ ఉచిత సేవ తినేయకూడదు. ఇసుక జల్లించడం, తట్ట మోయడం, పాత పూత గీకడం, తూములు శుభ్రం చేయడం మీ వంతుగా తీసుకోండి. పరంజా ఎక్కడం, కరెంటు వైర్లు ముట్టడం పనివాళ్లకు వదలండి. మీ ఖర్చులో కొంత భాగం తర్వాతి వానాకాలం మరమ్మతులకు బడి పేరిట దాచండి. ఏం చేశారో, ఏం మిగిలిందో తెలుగులో రాసి హెడ్‌మాస్టర్ చేతికివ్వండి. ఇవి చేయగలిగితే తప్పక రండి, మీ పని ఎన్నో వానలు తట్టుకుంటుంది.